గోడగడియారం వయసెంత?

ఒక వస్తువు ఏమిటో తేల్చడం తేలికని మనమంతా అనుకుంటాం. గడియారమంటే గడియారమే కదా, అందులో తేల్చడానికేముంది? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాకినాడలో బీకాం చదివి, రక్షణశాఖ లెక్కల విభాగంలో ముప్ఫై అయిదేళ్లు పనిచేసి, రిటైరయ్యాక ఢిల్లీ వసంత్ కుంజ్‌లో స్థిరపడ్డాను. ఇన్నేళ్ల తర్వాత ఒక పాత గోడగడియారం వల్ల మళ్లీ విద్యార్థినయ్యాను. ఆ కథే ఇది. కాస్త కస్టమ్స్ గొడవ ఉంటుంది, ఓపిక పట్టండి. మన హేతువాదులకు పనికొచ్చే విషయం అందులోనే ఉంది.

మా తాతగారు రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తా. ఆ రోజుల్లో మన తీరప్రాంతం నుంచి వేలమంది బతుకుతెరువుకి బర్మా వెళ్లేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లకి 'కోరంగీలు' అనే పేరే పడిపోయింది. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాన్ వశమైంది. ఓడల్లో చోటు దొరకని లక్షలమంది అడవుల్లో, కొండల్లో పడి నడిచి ఇండియా చేరుకున్నారు. దారిలో కలరాతో, ఆకలితో ఎందరో పోయారు. మా తాతగారి కుటుంబం నడిచొచ్చినవాళ్లలో ఒకటి. అప్పటికి మా నాన్నగారికి ఆరేళ్లు.

ఆ నడకలో తాతగారు ఇంట్లో సామానంతా వదిలేసి ఒక్క గోడగడియారాన్ని మాత్రం చంకన పెట్టుకుని వచ్చారని మా ఇంట్లో కథ. 1923లో, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, సీమకు వెళ్లిపోతున్న ఓ దొర దగ్గర కొన్నారట. అందుకే దాన్ని అందరం 'దొరగారి గడియారం' అనేవాళ్లం. పెళ్లిళ్లకీ పండగలకీ చుట్టాలొస్తే ఆ కథ ఒకసారి చెప్పుకోవాల్సిందే. మా నాయనమ్మ రాహుకాలం చూసేది దానిలోనే. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఎవర్నీ గడప దాటనిచ్చేది కాదు. తమాషా ఏమిటంటే ఆ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందు నడిచేది. అంటే ప్రతి సోమవారమూ మేము అసలు రాహుకాలంలో చివరి పది నిమిషాలు వీధిలోనే ఉన్నామన్నమాట! ఎవరికీ ఏమీ కాలేదు. నాలో హేతువాదానికి మొదటి విత్తనం అక్కడే పడిందని స్నేహితులకి గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

1991లో నాన్నగారు పోయాక అన్నయ్య ఆ గడియారాన్ని న్యూజెర్సీ తీసుకెళ్లాడు. రెండేళ్ల క్రితం అన్నయ్యా పోయాడు. ఇల్లు అమ్మేస్తూ మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు.

"బాబాయ్, తాతగారి గడియారం నీకు విమానంలో పంపేస్తాను. నూరేళ్లు దాటింది కదా, అలా అయితే పురాతన వస్తువు కింద వస్తుందట. పంపించేవాళ్లు కాగితం అడుగుతున్నారు. ఇండియాలో ఏ నంబరు కింద రాయాలో నువ్వు చెప్పు. నీకు తెలుసుగా ఇవన్నీ."

నిజం చెప్పాలంటే నాకు తెలిసింది కొంచెమే. నేర్చుకున్నది కూడా ఒక తప్పు చేసి నేర్చుకున్నదే. 1986 ఫిబ్రవరి 28 నుంచి మన దేశపు కస్టమ్స్ టారిఫ్ 'హార్మనైజ్డ్ సిస్టమ్' పద్ధతిలోకి మారింది. ప్రపంచంలో కొనీ అమ్మే ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉండాలని బ్రస్సెల్స్‌లో 1983లో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం అది. కొత్త పద్ధతి వచ్చిన ఒకటి రెండేళ్లకి నా బల్ల మీదికి విమానాలకి బిగించే గడియారాల బిల్లు ఒకటి వచ్చింది. సుంకం 9104 అనే శీర్షిక కింద కట్టారు. నేను కుర్ర ఆడిటర్ని. 'ఇవి గడియారాలు, 9105 కింద రావాలి' అని ఎర్ర సిరాతో అభ్యంతరం రాసి పడేశాను. మా పై అధికారి తిట్టలేదు. పుస్తకం నా ముందు పెట్టి, "9104 చదవండి" అన్నారు. వాహనాలకీ, విమానాలకీ, అంతరిక్ష నౌకలకీ, ఓడలకీ బిగించే గడియారాలు అని అక్కడ స్పష్టంగా ఉంది. "మీరు వస్తువు పేరు చూసి ఆగిపోయారు. పేరు కాదండీ, షరతు చూడాలి" అన్నారాయన. ఆ ఎర్ర సిరా అభ్యంతరాన్ని నా చేతులతోనే కొట్టేశాను.

ఆ షరతులు ఎంత విచిత్రంగా ఉంటాయో చూడండి. గడియారాలన్నీ 91వ అధ్యాయంలో ఉంటాయి. కానీ 'గడియారాలు' అన్న ఆ అధ్యాయం పేరుకి చట్టంలో విలువ లేదు. అది వెతుక్కోవడానికి వీలుగా పెట్టిన పేరు మాత్రమే అని వర్గీకరణ సూత్రాల్లో మొదటిదే చెబుతుంది. విలువంతా శీర్షికలోని మాటలకీ, అధ్యాయం మొదట్లో ఉండే నోట్సుకీ. మా ఇంటికి దగ్గర్లో 2008లో తెరిచిన ఎంపోరియో మాల్ అద్దాల వెనక విదేశీ వాచీలు మెరుస్తూ కనిపిస్తాయి. అందులో డబ్బా పూర్తిగా బంగారంతో చేసిన చేతిగడియారం 9101. ఉత్త బంగారు పూత అయితే 9102. డబ్బా బంగారమే అయినా వెనక మూత స్టీలుదైతే అదీ 9102లోకే దిగిపోతుంది. బల్ల మీద పెట్టుకునే గడియారం లోపల చేతిగడియారానికి వాడే యంత్రం ఉంటే 9103, లేకపోతే 9105. మరి చేతిగడియారపు యంత్రమని ఎలా తెలుస్తుంది? మందం 12 మిల్లీమీటర్లు దాటకూడదు. వెడల్పు, పొడవు, వ్యాసం ఏదీ 50 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతే. కొలబద్ద పెట్టి చూసుకోవచ్చు.

రేడియో, గడియారం ఒకే డబ్బాలో ఉంటే అది గడియారాల అధ్యాయంలోనే ఉండదు, రేడియోలతో పాటు 8527లోకి పోతుంది. గడియారం మీది అద్దం విడిగా వస్తే గాజు సామాను. జేబుగడియారపు గొలుసు విడిగా వస్తే నగ. ఇప్పుడు మన పిల్లలు పెట్టుకుంటున్న స్మార్ట్ వాచీ మణికట్టు మీద ఉంటుంది, టైము చూపిస్తుంది, పేరులోనే వాచీ ఉంది. అయినా ప్రపంచ కస్టమ్స్ సంస్థ దాన్ని 8517లో, టెలిఫోన్లూ సమాచార పరికరాల పక్కన కూర్చోబెట్టింది. దాని ముఖ్యమైన పని సమాచారాన్ని అందుకోవడం, పంపడం అని.

ఇదంతా చూసి 'గుమాస్తాల తిక్క' అనుకునేవాళ్లుంటారు. నాకు మాత్రం ఇందులో ఒక శుభ్రమైన పద్ధతి కనిపిస్తుంది. ఫలానాది ఫలానా తరగతి అని ఎవరైనా అంటే, ఏ షరతు వల్లో చూపించాలి. ఆ షరతు ఎవరు కొలిచినా ఒకేలా ఉండాలి. నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు. మన సమాజంలో మనుషుల్ని తరగతులు చేసే పద్ధతులు గుర్తుచేసుకోండి. పుట్టిన ఇంటిని బట్టి కులం, పుట్టిన గంటని బట్టి జాతకం. కొలిచే బద్ద లేదు, అప్పీలు లేదు. గోడగడియారానికి దక్కే పాటి విచారణ పెళ్లికూతురికి దక్కదు.

ఇంకో సంగతి చెప్పి అసలు కథలోకి వస్తాను. హేతువాద సభల్లో మనం తరచుగా వాదించేది రుజువు భారం ఎవరిదని. 'దేవుడు లేడని నువ్వు రుజువు చెయ్యి' అనేవాళ్లకి, 'ఉన్నాడన్నది మీరు, రుజువు మీదే' అంటాం. మామూలు నేరాల్లో కూడా అంతే, ఆరోపించినవాడే రుజువు చెయ్యాలి. కానీ 1962 నాటి కస్టమ్స్ చట్టం 123వ సెక్షన్ దాన్ని తిరగేసింది. దొంగ సరుకని సహేతుకమైన నమ్మకంతో అధికారి బంగారాన్నో చేతిగడియారాల్నో పట్టుకుంటే, అవి దొంగ సరుకు కాదని రుజువు చేసుకోవాల్సింది ఎవరి దగ్గర దొరికాయో వాళ్లే. చట్టంలో బంగారం పక్కన పేరు పెట్టి రాసిన వస్తువు వాచీ! మా తరంవాళ్లకి ఇది ఆశ్చర్యం కాదు. హెచ్ఎంటీ బెంగళూరులో 1961లో వాచీలు మొదలుపెట్టింది గానీ, చాలా ఏళ్లపాటు పెళ్లికొడుకులకి కావలసింది 'ఫారిన్ వాచీ'యే. అది ఏ దారిన వచ్చిందో ఎవరూ అడిగేవారు కాదు. అడగాల్సినవాళ్లం మనమే అయినప్పుడు, మనకి నచ్చిన వస్తువు గురించి అసలు అడగం. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సరే, గడియారం. నూరేళ్లు దాటిన పురాతన వస్తువులకి 97వ అధ్యాయంలో 9706 అనే శీర్షిక ఉంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకీ చిన్న మనిషి బయటికొచ్చి గంట కొట్టే ఇంగ్లీషు గడియారం చూసే ఉంటారు. పందొమ్మిదో శతాబ్దం నాటిది. అలాంటిది ఇవాళ వ్యాపార సరుకుగా దేశంలోకి వస్తే గడియారాల అధ్యాయం కాదు, 9706. మా దొరగారి గడియారం 1923లోనే పాతదైతే అదీ అక్కడికే. కాకపోతే 9105లో, విద్యుత్తు లేని గోడగడియారాల ఉపశీర్షిక 9105 29. తేడా అంతా వయసులో ఉంది. వయసుకి రుజువు కావాలి.

మా వదిన ఫోన్లో, "రుజువేంటి మరిదిగారూ, మనందరికీ తెలిసిందేగా! 1923 అని ఓ కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ముప్ఫై అయిదేళ్లు గవర్నమెంటు లెక్కలు చూసినవారు, మీ సంతకం చాలదూ?" అంది.

సంతకం పెట్టేవాణ్ణే. పెన్ను తీశాను కూడా. కానీ వోచరు లేకుండా పద్దు పాస్ చెయ్యని చెయ్యి ఇది, కదల్లేదు. 'ఒక్కసారి గడియారం విప్పి, యంత్రం వెనక ఫొటోలు పంపరా' అని మా వాడికి మెసేజ్ పెట్టాను.

మొదటి ఫొటోలో నూనె మడ్డి తప్ప ఏమీ కనపడలేదు. పొడిగుడ్డతో తుడిచి మళ్లీ తియ్యమన్నాను. రెండోదాంట్లో ఇత్తడి రేకు మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలు. పెద్దవి చేసి చూశాను. 'మేడిన్ ఆక్యుపైడ్ జపాన్.'

కాసేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. మా ఫ్లాట్ మీదుగా పాలం వైపు దిగే విమానాల చప్పుడు మామూలుగా నాకు వినపడదు, అలవాటైపోయింది. ఆ రోజు ఒక్కొక్కటీ వినపడింది.

యుద్ధంలో ఓడిపోయాక 1945 నుంచి 1952 దాకా జపాన్ అమెరికా నాయకత్వంలోని సైన్యాల ఆక్రమణలో ఉంది. ఆ కాలంలో ఎగుమతికి తయారైన సరుకు మీద వేసిన ముద్ర అది. అంతకు ముందు ఆ మాటలకి అర్థమే లేదు. అంటే 1942లో రంగూన్ నుంచి నడిచినప్పుడు ఈ గడియారం ఇంకా పుట్టలేదు. ఏ జపాన్ బాంబులకి మా తాతగారు ఊరొదిలి నడిచారో, ఆ జపాన్ ఓడిపోయాక చేసి అమ్మిన గడియారం ఇది!

వెంటనే ఒప్పేసుకోలేదు. మనసు తప్పించుకునే దారులు వెతికింది. డబ్బా పాతదే అయ్యుండి, యంత్రం తర్వాత మార్పించారేమో? ఇది అడగదగ్గ ప్రశ్నే. డబ్బా లోపలి ఫొటోలు తెప్పించాను. యంత్రం బిగించిన మరల కంతలు ఒక్క వరసే ఉన్నాయి. మారిస్తే పాత కంతలు కనపడాలి. వెనక చెక్క మీద అతికించిన కాగితం సగం చెదలు తినేసింది. మిగిలిన సగంలో 'ఆక్యుపైడ్' అన్న మాట బతికే ఉంది. ఇక దారుల్లేవు.

నన్ను బాధపెట్టింది గడియారం వయసు కాదు. యాభై ఏళ్లుగా నేను బాబాల విభూతిని ప్రశ్నించాను, వాస్తు పండితులతో వాదించాను. రాహుకాలాన్ని ఇదే గడియారం సాయంతో ఎగతాళి చేశాను. కానీ ఆరేళ్ల పిల్లాడితో, కొండల్లో, కలరా మధ్య నడుస్తున్న మనిషి లోలకం గడియారాన్ని చంకన పెట్టుకుని వందల మైళ్లు ఎలా వచ్చాడని ఒక్కసారి కూడా అడగలేదు. వేరేవాళ్ల తాతగారి గురించి ఎవరైనా ఆ కథ చెబితే మొదటి నిమిషంలోనే అడిగేవాణ్ణి.

వదినకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ హేతువాదం పోయినవాళ్లని కూడా వదలదా మరిదిగారూ?" అని ఫోన్ పెట్టేసింది.

రెండు రోజులు నాకూ ఏమీ తోచలేదు. మూడో రోజు పాత అలవాటు కొద్దీ కాగితం తీసుకుని పద్దులు రాశాను. తాతగారు రంగూన్‌లో పనిచేశారు: నాన్నగారి స్కూలు సర్టిఫికెట్‌లో పుట్టిన ఊరు రంగూన్ అని ఉంది. వోచరు ఉంది. కుటుంబం నడిచొచ్చింది: నాన్నగారికీ మేనత్తకీ విడివిడిగా గుర్తున్న సంగతులు ఒకదానితో ఒకటి సరిపోయాయి. మేనత్త అరికాలి మీది మచ్చ నేను చూశాను. పాస్ చెయ్యొచ్చు. తాతగారు గడియారం మోసుకొచ్చారు: ఎవరూ చూసినట్టు చెప్పలేదు. 'అట' తప్ప ఏమీ లేదు. నాన్నగారు కూడా 'అట' అనే చెప్పేవారు, ఆ నడకలో స్వయంగా ఉండి కూడా! ఇంతకాలం ఆ ఒక్క అక్షరం నా చెవిన పడలేదు. ఈ పద్దు కొట్టెయ్యాలి. కానీ ఒక పద్దు కొట్టేస్తే పుస్తకం మొత్తం తప్పైపోదు. మిగతావి మరింత గట్టిపడతాయి.

వదినకి మళ్లీ ఫోన్ చేశాను.

"మరి మామయ్యగారి నాన్న ఆ కొండల్లో మోసుకొచ్చిందేంటి? ఏమీ లేదా?" అంది. గొంతులో కోపం తగ్గలేదు.

"మామయ్యగారినే వదినా" అన్నాను. నాన్నగారు ఆ సంగతి 'అట' లేకుండా చెప్పేవారు. కాళ్లు బొబ్బలెక్కి నడవలేకపోతే వాళ్ల నాన్న భుజాల మీద కూర్చోబెట్టుకున్నారనీ, దాహం వేసి ఆయన తల మీద వాన తడిని నాకాననీ. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పండగలకి చెప్పుకోలేదు. గడియారం కథ బాగుందని అదే చెప్పుకున్నాం.

వదిన చాలాసేపు ఏమీ అనలేదు. "ఆయన నాకెప్పుడూ చెప్పలేదే ఈ సంగతి" అంది చివరికి. ఆయనంటే అన్నయ్య.

ఇంతకీ సుంకం సంగతి చెప్పలేదు కదూ. మూడు వారాలు 9706, 9105 అని కొట్టుకున్నాక, పుస్తకంలో ఇంకో అధ్యాయం తిప్పితే నా శ్రమంతా వృథా అని తేలింది. సొంత వాడకానికి విమానంలోనో పోస్టులోనో వచ్చే సుంకం పడే వస్తువులకి 98వ అధ్యాయంలో 9804 అనే శీర్షిక ఉంది. కార్లూ మద్యం లాంటి మినహాయింపులు పోను, ఏ వస్తువైనా అందులోకే. మనిషితో పాటు సామానులో వస్తే 9803. మరోచోట ఇంతకంటే వివరమైన శీర్షిక ఉన్నా సరే, షరతులు సరిపోతే ఈ అధ్యాయమే వర్తిస్తుందని అక్కడి మొదటి నోటు చెబుతుంది. గడియారం నూరేళ్లదైనా పదేళ్లదైనా మా విషయంలో నంబరు మారదు!

"అయితే 1923 అని రాసేసినా ఒకటేనా బాబాయ్?" అని నవ్వాడు మా వాడు.

"సుంకానికి ఒకటేరా. సంతకానికి కాదు" అన్నాను. 2011 నుంచి మన దేశంలో దిగుమతిదారు తన వస్తువు ఏమిటో, నంబరు ఏమిటో, సుంకం ఎంతో ముందు తనే లెక్కవేసి చెప్పాలి. అధికారి తర్వాత చూస్తాడు. ఆ పద్ధతిలో మొదటి ఆడిటరు మనమే. 'గోడగడియారం, కీ ఇచ్చేది, వాడినది, జపాన్ తయారీ, సుమారు 75 ఏళ్లు' అని రాయించాను.

గడియారం వచ్చింది. మా హాల్లో దక్షిణం గోడకి మేకు ముందే ఉంటే దానికే తగిలించాను. కింది ఫ్లాట్ పెద్దాయన చూసి, దక్షిణాన గడియారం ఇంటికి మంచిది కాదని బెంగపడ్డారు. కొత్త మేకు కొట్టడానికి నా భుజం సహకరించదని చెప్పాను. వారానికోసారి కీ ఇస్తున్నాను. ఇప్పటికీ ముందే నడుస్తోంది, పది కాదు, ఏడు నిమిషాలు. తాతగారు దాన్ని ఎప్పుడు, ఎక్కడ కొన్నారో నాకు తెలీదు. అన్నీ వదిలేసి వచ్చిన మనిషి, కాస్త నిలదొక్కుకున్నాక ఇంటికి మళ్లీ ఒక గడియారం కొన్నాడన్నంత వరకే అనుకుంటున్నాను. అది కూడా అనుకోవడమే, రుజువు లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. వీలున్నప్పుడు వెనక మూత విప్పి చూడండి. చూసేముందు, దాని గురించి ఎవరు 'అట' అన్నారో, ఎవరు అనలేదో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.